మూడో కంపైలర్‌తో రాజీ

అమలాపురంలో మేడ మీద గదిలో ఒక్కదాన్నే కూర్చుని వేరే ప్రోగ్రాములు వాడుకునే ఒక కోడ్ లైబ్రరీ రాస్తున్నాను. ఆ కోడ్, దాన్ని కంప్యూటర్ భాషలోకి తర్జుమా చేసే ఏ కంపైలర్‌కి ఇచ్చినా మార్చకుండా నడవాలి. రెండు కంపైలర్లు ఎప్పుడో ఒప్పుకున్నాయి. మూడోది రోజూ ఏదో ఒక వంక పెట్టేది, నేను పైకే తిట్టేదాన్ని. ఈ రోజు మధ్యాహ్నం అదీ ఒక్క వార్నింగైనా లేకుండా ఒప్పేసుకుంది. గదంతా నిశ్శబ్దం.

సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తుంటే కింద వాటాలో ఉండే పిన్నిగారు వచ్చారు.

"ఏమ్మా, రోజూ ఫోన్లో మీ ఆయన్ని తెగ తిట్టేస్తావు, ఇవాళ సద్దే లేదు. రాజీ పడిపోయేరా ఏంటి?"

నాకు పెళ్ళే కాలేదు. అయినా, "ఆయ్, పడిపోయామండీ" అన్నాను.

ఆవిడ సంతోషపడిపోయి, "ఆయనొస్తే పెట్టమ్మా" అంటూ ఇద్దరికి సరిపడా పనసపొట్టు కూర ఇచ్చి వెళ్ళారు.

దగ్గర్లో ఉన్నవాళ్ళెవరైనా భోజనానికి రండి. గొడవపడే రకమైనా ఫరవాలేదు.