గేటు బయట గడిచిన సేపు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది అబద్ధమని చూపించే కాగితం ఒక్కటీ లేదు. అంత నేర్పుగా చేశాను. ఆ నేర్పుకే ప్రమోషన్ కూడా వచ్చింది. చదివాక నన్నేమనుకున్నా సరే, క్షమించమని మాత్రం అడగను.

ఆత్మకూరులో ఒక పాల కంపెనీలో పనితీరు కొలిచే ఉద్యోగం నాది. పల్లెల నుంచి వచ్చిన పాలబండి గేటు దాటినప్పటి నుంచి పాలు పరీక్షకు చేరేదాకా ఎంతసేపు పట్టిందో రాయాలి. అరగంట దాటితే బోర్డు మీద ఎర్రచుక్క, దాటకపోతే పచ్చచుక్క. ఉన్నదేమో ఒక్క పరీక్ష యంత్రం. ఎర్రచుక్కలు రోజూ పెరుగుతున్నాయి. రెండో యంత్రం అడిగితే హెడ్డాఫీసువాళ్లు నవ్వారు. మీకు కావలసింది పచ్చచుక్కలేగా, చూపిస్తాను చూడండి అనుకున్నాను. లోపల ఖాళీ అయ్యేదాకా గేటు తీయొద్దని వాచ్‌మన్‌కు చెప్పాను. బళ్లు రోడ్డు మీద ఎండలో నిలబడ్డాయి. వారం తిరిగేసరికి బోర్డంతా పచ్చబడింది.

ఆ వేసవిలో ఉదయగిరి బండిలో మూడుసార్లు పాలు విరిగాయి. మూడుసార్లూ రమణమ్మవే. ఉదయగిరి అవతల ఒక పల్లెలో మా పాలకేంద్రం నడిపే మనిషి ఆమె. ఆ దారిలో బండి మొదట ఎక్కించుకునేది ఆమె క్యాన్లనే, కాబట్టి ముందు చెడేవీ అవే. ఈ సంగతి నాకు తెలియదా? బాగా తెలుసు. అయినా ఆమె నిర్లక్ష్యమేనని రాసి సంతకం పెట్టాను. కేంద్రం మూసేశారు.

ఆమె బస్సెక్కి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"నిన్నటి పాలు కలిపినానని ఊళ్లో అంటా ఉండారు సార్. బండెక్కించే ముందు నేనే కాచి చూసినాను, బాగుండాయి. మీ గేటు కాడ ఎంతసేపు నిలబెట్టినారో, అది రాసినారా?"

"గేటు బయట సంగతి మా లెక్కలోకి రాదమ్మా."

"ఆ ముక్క పాలకు తెలస్తాదా సార్?"

నేను కంప్యూటర్ వైపు తిరిగాను. ఆమె వెళ్లిపోయింది.

తప్పు కొలతదేనని, కంపెనీ మెడమీద కూర్చుందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇక చెప్పుకోను. గేటు మూయించింది నేను. భయపడి చేశానా? అదీ కాదు. ఆ పచ్చటి బోర్డు చూస్తే నాకు గర్వంగా ఉండేది, ఇప్పుడు నన్ను తినేస్తున్నది ఆ గర్వమే. ఇది చదివి కంపెనీవాళ్లు పిలిస్తే పిలవనీ. ఈ ముక్క మాత్రం కొట్టేయను. రాస్తుంటేనే ఊపిరి కాస్త ఆడుతోంది. రమణమ్మకు దీనివల్ల ఒరిగేదేమిటి? ఏమీ లేదు.

మూడోసారి పాలు విరిగిన రోజు నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఉదయగిరి బండి గేటు ముందుకు వచ్చింది పదింపావుకు. గేటు తీయించింది పన్నెండున్నరకు. రమణమ్మ పంపిన పాలు మంచివి.