షరీఫుకి అన్న లేడు

ఇది ముసుగు వీరుడి మహాగాథ. గుర్రాలు, తుపాకులు, విడిపోయిన అన్నదమ్ములు, ఒక పెద్దమనిషి పరువు, అన్నీ ఉంటాయి అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి ఇది అమెరికాలో, న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఒక శనివారం మధ్యాహ్నం లైబ్రరీలో వేసిన పాత కౌబాయ్ సినిమా సంగతి. గుర్రాలు కూడా నాలుగే.

ఆ సినిమాని నాన్న గుంటూరులో కాలేజీ రోజుల్లో చూశారు. ఆరు నెలలుందామని మా దగ్గరికి వచ్చాక, అపార్ట్‌మెంట్ల చుట్టూ రోజూ తనతో నడిచే రిటైర్డ్ అంకుల్స్‌కి మూడు వారాలు సీరియల్‌లా చెప్పారు. ముసుగు మనిషి ఎవరో కాదట, దొంగల్ని పట్టే ఆ ఊరి పోలీసు పెద్ద షరీఫుకి చిన్నప్పుడు తప్పిపోయిన అన్నట. భుజం మీద పుట్టుమచ్చే సాక్ష్యం. అందరూ నమ్మారు, వరంగల్ నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తప్ప. ఇంతలో లైబ్రరీవాళ్లు అదే సినిమా వేస్తున్నామని నోటీసు పెట్టారు. "రండి, మీ కళ్లతోనే చూద్దురుగాని" అని నాన్న అందర్నీ పిలిచేశారు.

నేను ముందురోజు లంచ్ బ్రేక్‌లో ఆన్‌లైన్‌లో చూసేశాను.

"నాన్నా, వాడు గుర్రాలకి నాడాలు కొట్టే కమ్మరి. షరీఫుకి చుట్టం కూడా కాదు."

"మరి పుట్టుమచ్చ?"

"చొక్కా విప్పితే కదా!"

"చివర్లో షరీఫు వాణ్ని కావలించుకుని ఏడుస్తాడురా. అన్న కాకపోతే ఎవడేడుస్తాడు?"

"అసలు ఆ ఇంగ్లీషు మీకెంత అర్థమైంది?"

"హాల్లో ఎవడికి అర్థమైందిరా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు నాకు జ్వరం వస్తే చెడ్డగా ఉంటుందా?" అని అడిగారు.

జ్వరం రాలేదు. తెరమీద దొంగలు ఒకే బండరాయి పక్కనుంచి ఐదుసార్లు పారిపోయారు. ఒకడి చేతికి రిస్ట్‌వాచ్ కూడా ఉంది. కింద సబ్‌టైటిల్స్ వేశారు, జాలి లేకుండా. నాన్న సినిమా మానేసి హెడ్మాస్టరు గారి మొహం చూస్తున్నారు. చివరికి ముసుగు తొలగింది. కమ్మరే.

"ఏంటండీ, అన్న అన్నారు?" అన్నారు వెనక వరసలో ఒక అంకుల్.

నాన్న గొంతు సవరించుకున్నారు. సవరించుకుంటూనే ఉన్నారు.

హెడ్మాస్టరు గారు లేచి నిలబడ్డారు. అయిపోయింది, రేపట్నుంచి నాన్న ఒంటరిగా నడవాలి అనుకున్నాను.

"అన్నంటే సొంత అన్ననే గావాల్నా? పెద్దనాయిన కొడుకు అన్న గాదా? షరీఫ్ ఎట్ల ఏడుస్తుండో సూస్తలేరా?"

అందరూ చూశారు. షరీఫు నిజంగానే ఏడుస్తున్నాడు. పెదనాన్న కొడుకే అని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. పుట్టుమచ్చ ఊసు ఎవరూ ఎత్తలేదు.

"మహానుభావుడురా! ఓడించే అవకాశం చేతిలో ఉండి కూడా వదిలేశాడు" అన్నారు నాన్న పార్కింగ్‌లో, కళ్లు తుడుచుకుంటూ.

హెడ్మాస్టరు గారి అబ్బాయి ఆ వారం ఊళ్లో లేడు. అపార్ట్‌మెంట్లకి నాలుగు మైళ్లు, ఆ దారిలో బస్సు లేదు. ఆయన్ని దింపాల్సింది మా కార్లోనే.