తూర్పు దర్వాజ

పాత ఇల్లు కొని, బాగు చేయించి అమ్మడం స్టీఫెన్‌కు ఇదే మొదలు. బోథ్‌లోని చేను అమ్మి కరీంనగర్‌లో ఇరుకు గల్లీలో ఈ ఇల్లు తీసుకున్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి, గోడలను వేలి కణుపుతో కొట్టి చెవి ఆనిస్తాడు. ఏం వినపడుతుందో ఆయనకే తెలియదు. ఆదివారం చర్చి మానడు, వాస్తు నమ్మడు. కానీ చూడవచ్చిన వాళ్లంతా దక్షిణం దర్వాజ చూసి వెనక్కి పోతుంటే, తూర్పు గోడకు దర్వాజ పెట్టిద్దామనుకున్నాడు. ముందునుంచి చూస్తే అటు సందు ఉంది. వెనకదాకా పోయి చూడలేదు.

మేస్త్రీ నాలుగు దెబ్బలు వేయగానే గోడకు కంత పడింది. అవతల సందు లేదు, పొయ్యి ఉంది. పొయ్యి ముందు గరిటె పట్టుకుని పక్కింటి దేవకి.

"ఓ తమ్మీ! పప్పుల పెళ్లలు పడ్డయి!"

"గీడ సందు లేదా అక్కా?"

"సందు ముంగట్నే. ఎన్కకు గీ గోడ రెండిండ్లకు ఒక్కటే. అమ్మినోళ్లు చెప్పలేదా?"

"చెప్పలే."

"మరి నీ ఇల్లు కొనేటోళ్లు నా వంటింట్లకెల్లి నడుసుకుంట పోవాల్నా?"

స్టీఫెన్ వంగి రెండు ఇటుకలు తీసి కంతలో పెట్టాడు. అవి జారి మళ్లీ అటువైపే పడ్డాయి.