శాబాష్ తెచ్చిన జవాబు

బడుల్ల పౌరశాస్త్రం తప్పనిసరి చేస్తే దేశం బాగుపడతదని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతది. నేను ఆ చదువు నిజాం కాలంల, నల్లగొండ దగ్గరి మా ఊరి బడిల చదివిన. అదీ ఉర్దూల. ప్రజల బాధ్యతలు, సర్కారు ధర్మం, అన్నీ ఒక్క తప్పు లేకుండ అప్పజెప్పెటోన్ని.

ఒకసారి మమ్మల్ని పరీక్ష చేయనీకి నల్లగొండ నుంచి సాహెబు వచ్చిండు. ఊరికి అధికారి వస్తే ఎవరి వంతు వాళ్లు ఉత్తగ ఇయ్యాలె. కుమ్మరోళ్లు కుండలు, సాలోళ్లం మేము కొత్త దుప్పటి. మా బాపు పొద్దుగాల్నే మగ్గం మీదికెల్లి కోసిన దుప్పటి తెచ్చి, బడి అరుగు మీద సాహెబు కూసునే మంచం మీద తనే పరిచి, కిందికి దిగి చేతులు కట్టుకొని నిలవడ్డడు.

సాహెబు ఆ దుప్పటి మీద బాసింపట్టు వేసుకొని, వెట్టి చేయించుకోవచ్చునా అని నన్ను ఉర్దూల అడిగిండు.

"వెట్టి నేరం. ఏ అధికారీ పైసలియ్యకుండ ఎవరి సొమ్మూ తీసుకోవద్దని సర్కారు హుకుం," అని అదే ఉర్దూల గడగడ చెప్పిన.

"శాబాష్!" అన్నడు. ఉర్దూ రాని మా బాపు మొఖం వెలిగిపోయింది. సాహెబు పోతూ పోతూ ఆ దుప్పటి మడిపించి బండ్ల పెట్టించుకున్నడు.

ఇంటికి పోతుంటే బాపు అడిగిండు, "ఏం చెప్పినవ్‌రా, గంతగనం మెచ్చుకున్నడు?"

తెలుగుల చెప్పిన. చెప్తుంటెనే నాకు సిగ్గయింది. బాపు నడుస్తున్నోడు ఆగిండు.

"గా మాట ఆయనకు ఎరుకేనా?"

"ఎరుక లేకుంటే శాబాష్ ఎట్లంటడు, బాపూ?"