మనువేల్ గారి క్లబ్బుకి రెండు పుట్టిన సంవత్సరాలు

వైట్‌నర్ సీసా మూత తీయగానే ముక్కుకి తగిలే ఘాటు ఒకటుంటుంది కదా, అది తగిలితే నాకు ఇప్పటికీ ఒక పాత తప్పు గుర్తొస్తుంది. మొన్న ఆదివారం కాలిఫోర్నియా శాన్ రామన్‌లో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద మా తెలుగు చర్చి సావనీరు ప్రూఫులు పరుచుకుని కూర్చుంది ప్రిసిల్లా. ఇక్కడే పుట్టి పెరిగిన మా చర్చి పిల్ల. ఆ సీసా మూత తీసి, "ఆంటీ, ఇక్కడ బిగ్ మిస్టేక్ ఉంది. ఫస్ట్ ప్రేయర్ మీటింగ్ ఒక పేజీలో జాన్ అంకుల్ గరాజ్‌లో అని ఉంది, ఇంకో పేజీలో రత్నం ఆంటీ అపార్ట్‌మెంట్‌లో అని. ఒకటి తీసేస్తున్నా" అంది. బ్రష్ కాగితం మీదికి దిగబోతుంటే గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. పిల్ల బెదిరిపోయింది. నేనెందుకంత కంగారుపడ్డానో చెప్పాలంటే మనువేల్ గారి సంగతి చెప్పాలి.

ఎనభైల మొదట్లో, పెళ్లయి బందరు నుంచి వచ్చిన కొత్తలో, మేము మసాచుసెట్స్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక మిల్లుల ఊళ్లో ఉండేవాళ్లం. కర్టెన్లు కుట్టే ఫ్యాక్టరీ ఆఫీసులో నాకు టైపిస్టు ఉద్యోగం దొరికింది. టైపు హయ్యర్ ఫస్ట్ క్లాసులో పాసయ్యానన్న గీర నాకు బాగానే ఉండేది. మనువేల్ గారు అక్కడ సూపర్‌వైజర్. పోర్చుగల్లో ఒక చేపల రేవు నుంచి వచ్చిన మనిషి, పొట్టిగా ఉంటారు, అరవై దగ్గర పడ్డాయి. మొదటి వారం నేను టిఫిన్ డబ్బా మూత తీయడానికి సిగ్గుపడి, మెట్ల కింద కూర్చుని గోంగూర అన్నం తింటుంటే ఆయన చూశారు. మర్నాడు తన డబ్బా పట్టుకుని అక్కడికే వచ్చి మెట్టు మీద కూలబడి, "నాది వాసన చూడు, గ్రేస్. దీని ముందు నీది ఏపాటి?" అన్నారు. అందులో ఉన్నది ఉప్పుచేప! బందరు పిల్లకి ఉప్పుచేప వాసన తెలియదా? నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి ఈ దేశంలో నాకు ఒక పెద్దదిక్కు ఉన్నట్టయింది.

ఆయనకి ఉన్న ఒకే ఒక పిచ్చి, తన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు. ఆ ఊరివాళ్లు మా మిల్లుల ఊళ్లో చాలామంది ఉండేవారు, వాళ్లకి ఒక హాలు కూడా ఉండేది. హాలు వార్షికోత్సవానికి, ఇక్కడ పుట్టి పోర్చుగీసు సరిగ్గా రాని పిల్లల కోసం, క్లబ్బు చరిత్రని ఇంగ్లీషులో చదవాలనుకున్నారు. "నేను చెబుతాను, నువ్వు టైప్ చెయ్యి" అన్నారు. ఆఫీసులో ఆయన ఊరివాళ్లే ఇంకో ఇద్దరు టైపిస్టులుండగా నేనే ఎందుకని అడిగాను. "వాళ్లు ఏదో ఒక వైపు మనుషులు. నువ్వు ఏ వైపూ కావు" అన్నారు. వైపులేమిటో నాకు అర్థం కాలేదు, అడగనూ లేదు. అసలు సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది గానీ మీకు ముందే చెప్పేస్తాను. క్లబ్బు ఎప్పుడు పుట్టిందన్న దాని మీద ఆయనకీ, అక్కడే ఉండే సొంత తమ్ముడు జోకిమ్‌కీ పదేళ్లుగా మాటల్లేవు. వార్షికోత్సవానికి తమ్ముడు వస్తానన్నాడు, ఒకే ఒక్క షరతు మీద. తన వైపు సంవత్సరం కూడా చరిత్రలో ఉండాలి.

రోజూ భోజనాల వేళ అరగంట ఆయన చెప్పడం, నేను షార్ట్‌హ్యాండ్‌లో దించుకోవడం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, అబ్బో, ఏం చెప్పేవారు! పడవల మీద పనిచేసే కుర్రాళ్లు ఇసుకలో గోనెసంచి గోల్‌పోస్టులు పెట్టుకుని మొదలెట్టారట. ఒకసారి బంతి సముద్రంలోకి కొట్టుకుపోతే, పడవ వెళ్లి తెచ్చేదాకా రిఫరీ ఈల నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాడట. వారం తిరిగేసరికి అదే ఆట గురించి, "ఆ రోజు గాలివాన, ఆటే జరగలేదు" అనేవారు. మధ్యలో చేపలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ మనుషులు ఇంకో క్లబ్బు పెట్టారు. కొన్నేళ్లకి రెండూ కలిసిపోయాయి. క్లబ్బు ఆటగాళ్ల చొక్కా సగం నీలం, సగం తెలుపు ఉండేది అందుకే. అయితే క్లబ్బు పుట్టింది ఇసుకలోనా, కలిసిన రోజునా? పడవల వాళ్లు ఇసుకలోనంటారు, ఫ్యాక్టరీ వాళ్లు కలిసిన రోజునంటారు. జోకిమ్ పడవ మనిషి, మనువేల్ గారు ఆ చేపల ఫ్యాక్టరీ మనిషి. ఇదంతా ఆయన ఒక వరసలో చెప్పి ఉంటే నాకూ బుర్రకెక్కేది. చెప్పలేదు. ముందుది వెనక్కీ వెనకది ముందుకీ చెప్పేవారు, నేను అయోమయంగా తలూపేదాన్ని.

ఉత్సవానికి ముందురోజు సాయంత్రం ఫెయిర్ కాపీ చేశాను. ఆయనకి ఇచ్చేముందు సరిచూస్తే మొదటి పేజీలో ఒక సంవత్సరం, మూడో పేజీలో ఇంకో సంవత్సరం! ఒక సంస్థ రెండుసార్లు ఎలా పుడుతుంది? పెద్దాయన పొరపడ్డారనుకున్నాను. బందరులో మా టైపు మాస్టారు తప్పున్న కాగితాన్ని మొహాన కొట్టేవారు, ఆ భయం వేళ్లలో ఉండిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అయినా నేను ఊరుకోలేదు. మూడో పేజీలో సంవత్సరం మీద వైట్‌నర్ పూసి, నోటితో ఊది ఆరబెట్టి, మొదటి పేజీలో ఉన్నదే దాని మీద కొట్టాను. మనువేల్ గారి పరువు కాపాడానని మురిసిపోయాను కూడా.

ఆదివారం మధ్యాహ్నం మా వారూ నేనూ హాలుకి వెళ్లాం. గోడ మీద అద్దాల చట్రంలో ఆ రెండు రంగుల చొక్కా ఉంది. ఎదురు మూలన ఒక పెద్దమనిషి సూటు వేసుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని ఒంటరిగా కూర్చున్నాడు. మొహం అచ్చు మనువేల్ గారిదే. మనువేల్ గారు కళ్లజోడు పెట్టుకుని మెల్లగా చదవడం మొదలుపెట్టారు. మూడో పేజీలో ఆగారు. కాగితాన్ని కళ్లకి దగ్గరగా తీసుకున్నారు. అక్షరాలు కనిపించడం లేదేమో అనుకున్నాను. తర్వాత నేను కొట్టినది కొట్టినట్టే చదివేశారు. ఎదురు మూలన ఉన్నాయన లేచి, టోపీ పెట్టుకుని, బయటికి వెళ్లిపోయాడు. హాల్లో తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. ఎందుకో తెలియక నేను చప్పట్లు కొట్టాను. ఒక్కదాన్నే!

సోమవారం ఆయన ఆ మూడో పేజీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, తమ్ముడి షరతు సంగతీ, నేను చెరిపేసింది తమ్ముడి వైపు సంవత్సరమేననీ అప్పుడు చెప్పారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "తప్పంతా నాదే. నన్ను తిట్టండి" అని ఏడ్చాను. ఆయన తిట్టలేదు. భోజనాల వేళ మెట్ల కింద కూర్చుని, డబ్బా పక్కన పెట్టి అన్నారు:

"నీ తప్పు కాగితం మీద. నాకు నోరుంది కదా, గ్రేస్. ఆ రెండో సంవత్సరం నాకు కంఠతా వచ్చు. ఆగి చెప్పి ఉండొచ్చు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"అక్కడ నాదొక్కటే కనిపించింది. ఒక్క క్షణం నాకు బాగుంది. ఆ క్షణం అయ్యేసరికి వాడు తలుపు దగ్గరున్నాడు."

తప్పు నాదా, ఆయనదా, షరతు పెట్టిన తమ్ముడిదా? రెండు సంవత్సరాలూ పెట్టి పేజీ మళ్లీ కొట్టిచ్చాను. ఆయన దాన్ని కవరులో పెట్టుకుని తమ్ముడి ఇంటికి వెళ్లారు. "తీసుకున్నాడా?" అని మర్నాడు అడిగితే, "తలుపు తీశాడు" అన్నారు, అంతే. తీసి ఏమన్నాడో చెప్పలేదు. ఆ చలికాలంలోనే మా వారికి కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చి మేము వచ్చేశాం. రెండు క్రిస్మస్‌లకి కార్డు పంపాను. రెండోది తిరిగొచ్చింది.

వైట్‌నర్ పూసిన ఆ పాత పేజీ ఇంకా నా బైబిల్లో ఉంది. టైపు మెషిన్ దెబ్బ గట్టిది కదా, వెనక్కి తిప్పి వేలితో తడిమితే నేను చెరిపేసిన అంకెలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. మొన్న ప్రిసిల్లా చేత కూడా తడిమించాను.

"రెండూ ఉంచమ్మా, గరాజూ అపార్ట్‌మెంటూ" అన్నాను.

"చదివేవాళ్లు కన్ఫ్యూజ్ అవుతారు, ఆంటీ."

"అవనీ. నేను నలభై ఏళ్లుగా అవుతూనే ఉన్నాను. రత్నం ఆంటీ కుర్చీలోంచి లేచి వెళ్లిపోకుండా ఉంటే చాలు" అని సీసా మూత బిగించేశాను.