చర్చి మీద మావ డబ్బా

మా పక్కింటి మావ పోయాడని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను రాజాంలో, కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉన్నాను. ఏడుపు తరవాత వచ్చింది. ముందు వచ్చింది భయం. చర్చిలో ఆయన పెట్టిన డబ్బా వారం రోజులుగా పనిచెయ్యడం లేదు, దాన్ని బాగుచెయ్యడం తెలిసిన మనిషి ఇక లేడు, మా అన్నయ్య రోజూ సముద్రం మీదకు పోతాడు. బస్సులో మా ఊరు భావనపాడు దాకా నాకు ఇదే ఆలోచన.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరైన మావ, ఎవరో పారేసిన వైఫై రౌటర్ మూత విప్పి, దాని సొంత సాఫ్ట్‌వేర్ తీసేసి లినక్స్ అనే వేరే సిస్టమ్ ఎక్కించాడు. అది గంటగంటకీ వాతావరణ హెచ్చరికల వెబ్‌సైటు చూస్తుంది. గాలి ముప్పు కనబడితే చర్చి మైకులో మాట్లాడుతుంది. మొదట్లో తీవ్ర అల్పపీడనం, వాయవ్య దిశ అంటూ రేడియో భాషలో చెప్పించాడు. ఎవరూ పట్టించుకోలేదు, వలలు భుజాన వేసుకుని పోయారు. మా ఊళ్లో తిడితేనే మాట చెవికెక్కుతుంది. అది గ్రహించి తన గొంతే రికార్డు చేసి పెట్టాడు. అప్పటినుంచి విన్నారు. విని, మావ ఎదురుగా ఉన్నట్టే మైకుకి జవాబు కూడా చెప్పేవారు.

ఇంత చేసినవాడు ధైర్యవంతుడనుకునేరు. అంత పిరికిమనిషిని నేను చూడలేదు. డబ్బాలోకి కొత్త సిస్టమ్ రాస్తుండగా కరెంటు పోతే అది ఇక లేవదు. అందుకని డబ్బాను ఇంటికి తెచ్చుకుని, బ్యాటరీకి తగిలించి కూడా ప్లగ్గుకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేవాడు. కోళ్లను బయటికి తోలేవాడు. అత్తను వంటింట్లోంచి కదలొద్దనేవాడు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. వేళ్లు వణికేవి.

"నవ్వకే గుంటా. భయపడే సెయ్యే ముందు కాపీ తీస్తాది," అనేవాడు నాతో.

నాకు లినక్స్ నేర్పినవి ఆ వణికే చేతులే. వాటికి నేను చాలా రుణపడి ఉన్నాను.

ఆయన ఆస్పత్రిలో ఉండగా ఆ వెబ్‌సైటు మారింది. డబ్బాలోని పాత సిస్టమ్‌కి కొత్తది చదవడం రాలేదు. ఫోన్ చేస్తే, తాను వచ్చాక ఇద్దరం కలిసి చేద్దామని, నేనొక్కదాన్నే దాన్ని ముట్టుకోవద్దని చెప్పాడు. ఆయన రాలేదు.

సమాధి చేసిన మర్నాడు మధ్యాహ్నం చర్చిలో ల్యాప్‌టాప్ తెరిచాను. తూర్పున మబ్బు పట్టి ఉంది. తెల్లారితే వేటకు పోతానని అన్నయ్య అప్పటికే వల సర్దుకుంటున్నాడు. అత్త వచ్చి పక్కన బల్ల మీద కూర్చుంది. కొత్త సిస్టమ్ రాస్తే లోపలున్నదంతా చెరిగిపోతుందని, మావ గొంతు ఇంకెక్కడా లేదని, ముందు కాపీ తీస్తాను గానీ వస్తుందో రాదో తెలీదని చెప్పాను.

"ఆ గొంతు పోతే నాకింకేటుందే?" అంది. కిటికీలోంచి మబ్బు వైపు చూసి, "మీ అన్న పేనం కంటే ఎక్కువేటి. సెయ్యి," అంది.

కాపీ సగంలో ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే ఆఖరిదాకా వచ్చింది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ముందు దగ్గు, తరవాత మైకు మీద వేలితో తట్టిన చప్పుడు. అంతకు మించి వినలేక అత్త చేతికిచ్చాను.

ఇక రాయడం. తెర మీద అక్షరాలు పరిగెడుతున్నంతసేపూ ప్లగ్గుకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. అత్త నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డబ్బా లైట్లన్నీ ఆరిపోయాయి. చచ్చిపోయిందనే అనుకున్నాను. చాలాసేపటికి పచ్చలైటు మిణుకుమంది. గొంతు మళ్లీ లోపల పెట్టాను. అయినా నా భయం తీరలేదు. లైటు వెలిగినంత మాత్రాన అవసరానికి నోరు విప్పుతుందని ఏముంది?

తెల్లవారుతుండగా ఒడ్డుకు వెళ్లాను. గాలి అప్పుడే తిరుగుతోంది. అన్నయ్య వాళ్లు పడవను నీళ్లలోకి తోస్తున్నారు. ఆపమందామంటే నా దగ్గర హెచ్చరికేమీ లేదు, వణుకు తప్ప. అంతలో చర్చి మీద మైకు దగ్గింది.

"ఒరే, పడవలు దించకండి. సముద్రం ఎక్కడికీ పోదు. రేపెల్దురు గాని, ఇళ్లకు పొండి."

తోస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. అన్నయ్య ఒక చెయ్యి పడవ అంచు మీదే ఉంచి, రెండో చేత్తో తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పాడు. చర్చి వైపు తిరిగి, ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాడు.

"ఎల్లంలే మావా."