దుమ్ముగూడెం రేలా నడుమ నా కెమెరా

పొద్దున ఆరింటికి ఖమ్మం బస్టాండుల భద్రాచలం బస్సెక్కిన. నా పేరు షమీమ్, పెళ్లిళ్లకు వీడియోలు తీస్త. మూఢం వచ్చి పెళ్లిళ్లు లేక ఇంట్ల కూసుంటే మా అమ్మీ ఉల్లిగడ్డలు తరగమంటది. అందుకే నాగమణి ఫోన్ చేయంగనే సరేనన్న.

నాగమణి దుమ్ముగూడెం అవతల ఒక కోయగూడెం మనిషి. నిరుడు కొత్తగూడెంల ఒక రిసెప్షన్‌ల కోయోళ్ల రేలా ఆట ఆడటానికి వచ్చినప్పుడు పరిచయమైంది. అప్పటిదాక ఆ గూడెం ఆడోళ్లు మొగోళ్ల బృందం వెంట పోయేటోళ్లు. కాగితం మీద నాయకుడి పేరుంటది, కింద 'మరికొందరు మహిళలు' అని ఉంటది. ఎన్నేండ్లు ఆడినా ఆ మరికొందరే. ఈసారి ఆడోళ్లే సొంతంగ బృందం కట్టి, హైదరాబాదుల జరిగే జానపద ఉత్సవానికి పేరిచ్చిండ్రు. ఆ రోజు సాయంత్రం ఐదు లోపల ఎంపికకు వీడియో పంపాలె. నడుమ ఎక్కడా కట్ ఉండొద్దు, అందరి మొఖాలు కనపడాలె. ఇది పోతే మళ్ల మరికొందరే.

ఆధార్ చూపిస్తే ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ నాకు ఇచ్చిండు గాని, ట్రైపాడ్‌కు లగేజీ టికెట్ కొడతనన్నడు కండక్టర్. అది కూడ ఆడదే అనుకో అన్నా అంటే నవ్వి వదిలేసిండు. కొత్తగూడెంల బస్సు ఆగితే ఇడ్లీ తిన్న. ఇడ్లీ మెత్తగనే ఉంది, చట్నీ మాత్రం ఒట్టి నీళ్లు. తొమ్మిదిన్నరకు గోదావరి బ్రిడ్జి దాటినం.

భద్రాచలంల పర్ణశాల బస్సు యాత్రికులతోని కిక్కిరిసింది. పక్కన కూసున్న పెద్దామె నా బ్యాగుల కెమెరా ఉందని తెలిసి, మీ ఇంటాయన వెనక బస్సుల వస్తుండా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. కాని ఆమె పెట్టిన పులిహోర తిన్నంక కోపం ఎక్కడ నిలబడ్తది?

దుమ్ముగూడెంల నాగమణి స్కూటీ పెట్టుకొని నిలబడ్డది. ఇటు వచ్చేటోళ్లకు ఒక మాట: ఫోన్ పనులన్నీ ఇక్కడనే చేసుకోండ్రి, లోపల సిగ్నల్ దొరకదు.

గూడెంల ఆడోళ్లు చీరలు కట్టుకొని తయారుగ ఉన్నరు. డోలు కొట్టేది నాగమణి మేనమామ. నేను పోంగనే పెళ్లి గ్రూపు ఫొటోకు నిలబెట్టినట్టు రెండు వరుసలల్ల నిలబెట్టిన. అందరూ కెమెరా చూడుండ్రి, దూరం దూరం ఉండుండ్రి అన్న. డోలు మొదలైంది. ఒకామె కాలు ముందుకేస్తే ఇంకొకామె వెనక్కేసింది. మూడుసార్లు తీసినా గంతే. ఒంటిగంట దాటింది, నాకు చిరాకు లేచి గట్టిగనే అన్న, రోజూ ఆడే ఆటే గద, ఇయ్యాల ఏమైందని.

నాగమణి మొఖం చిన్నబోయింది. "చేతులు ఇడిస్తే కాళ్లు నడవయి అక్కా" అన్నది.

వీళ్ల ఆటల ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకొని గుండ్రంగ తిరుగుతరు. పక్కామె నడుము ఎటు వంగితే ఈమె అడుగు అటు. అది నేను తెంపి పెట్టిన. మరి గుండ్రంగ ఆడితే బయటోళ్లకు కనపడేది వీపులే. ఏం చెయ్యాలె? అన్నం తినుకుంట ఆలోచించిన. మొఖాలన్నీ లోపలికే ఉన్నయంటే నేనే లోపలికి పోవాలె.

ట్రైపాడ్ అవతల పెట్టి, కెమెరా చేత పట్టుకొని ఆట నడుమ డోలు పక్కన నిలబడ్డ. వాళ్లు అటు తిరిగితే నేను ఇటు తిరిగిన. మొదటిసారి కండ్లు తిరిగి డోలు మీద పడ్డ. మామ డోలు సర్దుకొని, కోడలా, నా వీపుకు నీ వీపు ఆనించు, నేను పడనియ్య అన్నడు. అట్లనే ఆనుకొని తిరిగిన. చేతులు కలిసినంక వాళ్ల కాళ్లకు నేనేం చెప్పేది లేకపాయె. ఒక్కొక్క మొఖం నవ్వుకుంట, పాడుకుంట కెమెరా ముందు నుంచి పోయింది. కెమెరా కదలకుంటె చాలని మొక్కుకున్న.

నాలుగున్నరకు దుమ్ముగూడెం టీ హోటల్ కాడ నిలబడి వీడియో పంపినం. చేరిందని మెసేజ్ వచ్చేదాక నాగమణి చాయ్ తాగలే. ఆగలేక ముందే చెప్తున్న, తర్వాత వారంల ఎంపికైండ్రు, బృందం నాగమణి పేరు మీదనే.

భద్రాచలం బస్సుల కిటికీ పక్కన సీటు దొరికింది. మొఖాలు సరిగ్గ వచ్చినయా లేదా అన్న పరేషాన్‌ల పాట మీద చెవి పెట్టనే లేదు, సౌండ్ లేకుంటనే మళ్ల మళ్ల చూసుకుంటున్న. పక్కన అడ్డాకుల కట్ట ఒళ్లె పెట్టుకొని కూసున్న కోయ అక్క తొంగి చూసింది. వింటవా అని ఇయర్‌ఫోన్ ఇచ్చిన. వినుకుంట మెల్లగ నవ్వింది. నాకు కోయ మాటలు రావు, ఏం పాడుతున్నరని అడిగిన.

"ఎవరి పేరు వాళ్లు చెప్పుకుంటున్నరు. నేను ఫలానా, నాది ఫలానా ఊరు, ఆడటానికి వచ్చిన అని."

నాకు మస్తు సంబురమైంది. ఇంక మరికొందరని ఎవరంటరో చూస్త అనుకున్న.

ఆమె ఇంకొంచెంసేపు విని, "చివరికి ఖమ్మం నుంచి వచ్చింది, మా నడుమ తిరిగింది, షమీమ్ అంటున్నరు. అది మా కోయోళ్ల పేరు కాదు గద, ఎవరామె?" అన్నది.

పదేండ్ల సంది వీడియోలు తీస్తున్న. అన్నిటి మీద మా అబ్బా స్టూడియో పేరే ఉంటది. నేనే అక్కా అని చెయ్యి ఎత్తిన.